తీపి వైన్‌కి కారం పక్కనే చోటు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల ఫ్లాట్లలో శనివారం రాత్రి సిట్టింగ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆంధ్రా రెస్టారెంట్ నుంచి బిర్యానీ, చిల్లీ చికెన్, కోడి వేపుడు పార్సిళ్లు వస్తాయి. గ్లాసుల్లోకి విస్కీ లేదా బీరు. కొన్ని ఇళ్లలో ఫ్రిజ్ తలుపులో ఒక సన్నటి చిన్న సీసా కూడా ఉంటుంది, 375 మిల్లీలీటర్లది, ‘లేట్ హార్వెస్ట్’ అని రాసి ఉన్నది. అది డెజర్ట్ వైన్ అని ఎవరో చెప్పి ఉంటారు. డెజర్ట్ కదా అని దాన్ని ఆఖరి దాకా దాచి, గులాబ్ జామూన్ గిన్నెలతో పాటు బయటికి తీస్తారు. మొదటి గుక్కకే “స్వీట్ వైన్ అన్నారు, ఇంత పుల్లగా ఉందేంటి?” అనే మాట వస్తుంది. సీసాలో సగం అలాగే ఉండిపోతుంది.

వైన్‌లో లోపం లేదు, జామూన్‌లోనూ లేదు. రెండూ పక్కపక్కన పడటంతోనే చిక్కు వచ్చింది. అదే సీసా గంటన్నర ముందు, చిల్లీ చికెన్ పొగలు కక్కుతున్నప్పుడు తెరిచి ఉంటే మాట వేరేగా ఉండేది. ఎందుకో తెలియాలంటే ఆ సీసాలోకి తీపి ఎలా వచ్చిందో ముందు చూడాలి.

వైన్‌కి వాడే ద్రాక్ష మామూలుగా కోతకు వచ్చేసరికి రసంలో లీటరుకు 210 నుంచి 240 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. ఈస్ట్ దాన్ని తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఉజ్జాయింపుగా లీటరులో 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. మొత్తం పులిసిపోయి తీపి మిగలకపోతే అది డ్రై వైన్. లేట్ హార్వెస్ట్‌లో గుత్తులను తీగ మీదే ఇంకొన్ని వారాలు వదిలేస్తారు. పండులో నీరు తగ్గి, తోలు ముడతపడి, చక్కెర చిక్కబడుతుంది. అలా రసంలో లీటరుకు 300 గ్రాముల చక్కెర చేరిందనుకుందాం. ఆల్కహాల్ 12 శాతానికి రాగానే ట్యాంకును బాగా చల్లబరిచి, ఈస్ట్‌ను వడగట్టి, పులియడాన్ని ఆపేస్తారు. అప్పటికి 204 గ్రాములు ఖర్చయి ఉంటాయి. మిగిలిన 96 గ్రాములే గ్లాసులోకి వచ్చే తీపి. కోలా డ్రింకుల్లో లీటరుకు సుమారు 106 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి, తీపి స్థాయి ఎంతో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవడం అవసరం. మన దగ్గర ‘తీపి వైన్’ అనగానే చౌక పోర్ట్ వైన్ గుర్తొస్తుంది. లేదంటే బెంగళూరు ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్‌కి నల్ల ద్రాక్ష, పంచదార, లవంగాలు వేసి జాడీలో పెట్టే వైన్ గుర్తొస్తుంది. వాటిలో తీపి చాలావరకు కలిపిన పంచదార నుంచి వస్తుంది. చిక్కబళ్లాపుర, కోలారు జిల్లాల్లో, తెలుగు మాట్లాడే రైతులు కూడా చాలామంది పండించే బెంగళూరు బ్లూ ద్రాక్షకు ఒక ఘాటైన సొంత వాసన ఉంది. జ్యూసుకీ జాముకీ అది బంగారం లాంటి పండు. లేట్ హార్వెస్ట్ వైట్ వైన్‌ది వేరే దారి. సాధారణంగా షెనిన్ బ్లాంక్, రీస్లింగ్, మస్కట్, సెమియోన్ లాంటి తెల్ల ద్రాక్షలు అందుకు వాడతారు. వాటిలో చక్కెర పెరిగాక కూడా పులుపు గట్టిగా నిలబడే రకాలకు ఎక్కువ విలువ. నిమ్మకాయ పిండని పంచదార నీళ్లు ఎంత చప్పగా, ఎంత వెగటుగా ఉంటాయో తలుచుకుంటే ఆ పులుపు విలువ తెలుస్తుంది. ఫ్రాన్స్‌లోని లోయర్ నదీలోయ నుంచి వచ్చిన షెనిన్ బ్లాంక్ వేడి ప్రాంతాల్లోనూ పులుపు పోగొట్టుకోదు. నాసిక్‌లో సూలా సంస్థ లేట్ హార్వెస్ట్‌ను ఈ ద్రాక్షతోనే చేస్తుంది.

ఆలస్యపు కోత గురించి వైన్ లోకంలో తరచూ చెప్పుకునే కథ 1775 నాటిది. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న యోహానిస్‌బర్గ్ తోటలో కోత మొదలుపెట్టాలంటే ఫుల్డా పీఠాధిపతి అనుమతి రావాలి. ఆ ఏడాది అనుమతి తెచ్చే రౌతు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే పండ్లు ముడుచుకుపోయి, బూజు పట్టాయి. ఏమైతే అయిందని వాటితోనే చేసిన వైన్ అద్భుతంగా కుదిరిందట. ఆ బూజు పేరు బోట్రైటిస్. ఫ్రాన్స్‌లో తీపి వైన్లకు పేరున్న సోటెర్న్‌లో చల్లటి సిరాన్ వాగు వచ్చి గరోన్ నదిలో కలిసే చోట తెల్లవారుజామున మంచు కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తడికి బూజు పెరిగి పండు తోలుకు సన్నని రంధ్రాలు చేస్తుంది, ఆ ఎండకు లోపలి నీరు ఆవిరైపోతుంది. మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ వైన్ ద్రాక్ష తీగలను సెప్టెంబరు, అక్టోబరుల్లో కత్తిరించి, పండ్లను జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. ఆ తర్వాత తీగ మీద మిగిలిన గుత్తులకు పొడి ఎండ తప్ప మంచు ఉండదు. అందుకే మన లేట్ హార్వెస్ట్‌లో బూజు పాత్ర కంటే ఎండలో వడలడం పాత్రే ఎక్కువ. పక్షులు, కందిరీగలు, అకాల వడగళ్లు, ఇన్నింటి మధ్య అన్ని వారాలు గుత్తిని కాపాడటం చిన్న పని కాదు. పైగా వడలిన పండు పిండితే రసం కొంచెమే వస్తుంది. సీసా చిన్నగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

సరే, జామూన్ దగ్గరికి వద్దాం. నాలుకకు ఒక అలవాటు ఉంది. బాగా తీపి తిన్న వెంటనే తాగినదానిలో తీపి దానికి సరిగ్గా అందదు, పులుపూ చేదూ మాత్రం పైకి తేలతాయి. మైసూర్‌పాక్ తిని కాఫీ తాగితే కాఫీలో పంచదార వేయలేదేమో అనిపించడం అందరికీ అనుభవమే. అందుకే వైన్ ఎప్పుడూ స్వీటు కంటే తియ్యగా ఉండాలని పాశ్చాత్యులు ఒక నియమం పెట్టుకున్నారు. వాళ్ల పండ్ల టార్టుల దగ్గర, కస్టర్డుల దగ్గర ఆ నియమం పాటించడం సాధ్యమే. మన మిఠాయిల దగ్గర దాదాపు అసాధ్యం. జామూన్ పాకానికి కప్పు నీళ్లకు కప్పు పంచదార మామూలు కొలత. మైసూర్‌పాక్‌లో శనగపిండికి రెట్టింపు పంచదార పడుతుంది. బొబ్బట్టులో పప్పుకు సమానంగా బెల్లం. లీటరుకు వంద గ్రాముల తీపి ఉన్న వైన్ వీటి ముందు నిలవదు. సోటెర్న్ లాంటి ఖరీదైన వైన్లలో సైతం తీపి తరచూ 120 నుంచి 150 గ్రాముల మధ్యే ఉంటుంది. అవీ ఓడిపోతాయి. కాబట్టి జామూన్, జిలేబీ, కాజా, మైసూర్‌పాక్ పక్కన ఈ సీసా తెరవడం డబ్బు వృథా చేయడమే.

అసలు ఇబ్బంది ‘డెజర్ట్’ అనే మాటతో మొదలవుతుంది. తీపి ఆఖరున రావాలన్నది మన భోజన క్రమం కాదు. తెలుగు విందులో విస్తరి వేయగానే బూరె, పులిహోర, గారె, పచ్చడి అన్నీ కలిసే వస్తాయి. బూరెకు బొక్క చేసి నెయ్యి పోసుకుని, మధ్యలో గారె కొరికి, పులిహోర ముద్ద పెట్టుకుని, మళ్లీ బూరె దగ్గరికి వస్తాం. భోజనం ముగిసేది పెరుగుతోనో మజ్జిగతోనో. బెంగళూరు ఈ పద్ధతిని టిఫిన్ ప్లేటులోకే తెచ్చేసింది. దర్శిని హోటల్లో చౌచౌబాత్ అడిగితే ఒకే ప్లేటులో రెండు ముద్దలు వస్తాయి, ఒకటి ఖారాబాత్, ఇంకొకటి కేసరీబాత్. మనం ఉప్మా అనేదానికీ, రవ్వకేసరి అనేదానికీ మధ్య చెంచా అటూ ఇటూ తిరుగుతుంటే ఒకదాని రుచి ఇంకొకదాన్ని నిద్రలేపుతుంది. లేట్ హార్వెస్ట్ వైన్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. ఆ గ్లాసును కేసరీబాత్ అనుకోవాలి. పక్కన ఖారా ఉండాలి.

ఫ్రెంచివాళ్లు కూడా సోటెర్న్‌ను స్వీట్లకే పరిమితం చేయలేదు. ఉప్పగా, ఘాటుగా ఉండే రోక్‌ఫోర్ చీజ్‌తో తాగుతారు. భోజనం మొదట్లోనే కొవ్వు నిండిన బాతు కాలేయంతోనూ తాగుతారు. ఉప్పుకూ తీపికీ, కొవ్వుకూ పులుపుకూ ఉన్న పొత్తే అక్కడ పనిచేస్తోంది. ఉప్పు తగిలితే వైన్‌లోని పులుపు, చేదు మెత్తబడి పండు రుచి ముందుకొస్తుంది.

మన దగ్గర ఈ పొత్తులోకి కారం కూడా చేరుతుంది. కారం నిజానికి రుచి కింద రాదు, అది మంట. నోటిలో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాలు ఉంటాయి. మామూలుగా అవి సుమారు 42 డిగ్రీల వేడికి మేలుకుంటాయి. మిరపలోని క్యాప్సైసిన్ వాటికి అతుక్కుంటే, వేడి లేకపోయినా కాలుతున్నట్టు మెదడుకు కబురు పోతుంది. ఆల్కహాల్ చేసే పని ఇంకా విచిత్రం. అది ఆ గ్రాహకాల మేలుకునే హద్దును దాదాపు 34 డిగ్రీలకు దించేస్తుంది. ఒంటి వేడే 37 డిగ్రీలు కదా. గాయం మీద స్పిరిట్ పడితే భగ్గుమనేది ఇందుకే. గుంటూరు కారం వేపుడు నములుతూ విస్కీ గుక్క వేస్తే మంట రెట్టింపు కావడానికీ ఇదే కారణం. మంచింగ్‌కి కారంగా ఏదైనా ఉండాలని పట్టుబట్టే అలవాటు మనకు ఎంత ఇష్టమైనదైనా, మందు ఘాటుగా ఉన్నకొద్దీ తిండి రుచి ఆ మంటలో కాలిపోతుంది. రెడ్ వైన్ కూడా ఇక్కడ సాయపడదు. దానిలోని వగరు, కారం తగలగానే గరుకుగా, చేదుగా మారుతుంది.

తీపి దీనికి విరుగుడు. నోరు మండిన పిల్లాడికి చెంచాడు పంచదార పెట్టడం ప్రతి ఇంట్లో ఉన్నదే. పది శాతం పంచదార కలిపిన నీళ్లు కారపు మంటను చెప్పుకోదగినంత తగ్గిస్తాయని రుచి మీద జరిగిన పరిశోధనల్లోనూ తేలింది. లేట్ హార్వెస్ట్‌లో ఉండే తీపి కూడా ఇంచుమించు అంతే. పైగా అది చల్లగా వస్తుంది, పులుపు తోడుగా వస్తుంది కాబట్టి ఊరికే పంచదార మింగినట్టు ఉండదు. ఆల్కహాల్ మాత్రం మంటవైపు లాగుతూనే ఉంటుంది. అందుకని సీసా వెనక శాతం చూసి కొనడం మంచిది. తొమ్మిది, పది శాతం దగ్గర ఉన్నది కారానికి బాగా నప్పుతుంది. పద్నాలుగు దగ్గర ఉన్నదాన్ని చీజ్‌కో జీడిపప్పుకో వదిలేయాలి.

వంటకాల వారీగా చూస్తే ముందు వరసలో వేపుళ్లు నిలుస్తాయి. పచ్చిమిర్చి, కరివేపాకు, వెల్లుల్లితో చేసే ఆంధ్రా చిల్లీ చికెన్‌లో నూనె ఉంది, ఉప్పు ఉంది, పచ్చి కారం ఉంది. మూడింటికీ ఈ వైన్ దగ్గర జవాబు ఉంది. జీడిపప్పు వేసిన కోడి వేపుడు ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే జీడిపప్పు కమ్మదనం, వైన్‌లోని తేనె వాసన ఒకే ఇంటి పిల్లల్లా కలిసిపోతాయి. ఏ మిరపకాయ పడిందన్నది కూడా లెక్కే. గుంటూరు సన్నం ఘాటు వేరు, కర్ణాటక వంటల్లో వాడే బ్యాడగి వేరు. బ్యాడగిలో రంగు ఎక్కువ, మంట తక్కువ. బ్యాడగితో చేసిన కోడి నెయ్యి రోస్ట్‌కి ఓ మోస్తరు తీపి ఉన్న వైన్ సరిపోతుంది. సన్నం వేసిన కూరకు తీపి గట్టిగా ఉన్నదే కావాలి.

పులిహోర ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవలసిన వంట. పండ్లలో టార్టారిక్ ఆమ్లం ప్రధానంగా ఉండేవి చాలా అరుదు. వాటిలో ఒకటి ద్రాక్ష, ఇంకొకటి చింతపండు. వైన్‌కి వెన్నెముకగా నిలిచే పులుపూ, మన చారుకు, పులుసుకు, పులిహోరకు ప్రాణం పోసే పులుపూ ఒకటేనన్నమాట. ఎక్కడో లోయర్ ఒడ్డున పుట్టిన ద్రాక్షకూ మన ఊరి చింతచెట్టుకూ ఉన్న ఈ చుట్టరికం తెలిశాక, పులిహోర పక్కన ఆ గ్లాసును చూస్తే పరాయిదనిపించదు. పైగా పులిహోరలో పులుపు అన్నానికి పట్టి పలచబడి ఉంటుంది, మధ్యలో వేరుశనగ పప్పులు, ఎండుమిర్చి తగులుతాయి. షెనిన్ బ్లాంక్ లేట్ హార్వెస్ట్‌కి ఇంతకంటే సరిజోడు దొరకడం కష్టం.

గోంగూర మాంసం మాత్రం వేరే సంగతి. గోంగూర పులుపు చిక్కనిది. తిండిలో పులుపు వైన్ పులుపును మించితే వైన్‌లోని పులుపు మాయమై ఒట్టి తీపే మిగులుతుంది, శర్బత్ తాగినట్టు ఉంటుంది. గోంగూరతో ఈ సీసా తెరవవద్దు. ఆవకాయ కూడా అంతే, కానీ కారణం వేరు. ఆవపిండి ఘాటు నాలుక మీద ఆగదు, ముక్కుకు ఎక్కుతుంది. తీపి దాన్ని చల్లార్చలేదు, వైన్ పరిమళాన్ని అది మింగేస్తుంది.

నెల్లూరు చేపల పులుసు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. చింతపండు, మామిడికాయ రెండూ పడితే పులుపు ఎక్కువే. అయినా ఒక కారణం చేత దీన్ని ప్రయత్నించి చూడాలి, అది పులుసులో వేసే మెంతిపొడి. మెంతులకు ఆ వాసన ఇచ్చే సోటోలోన్ అనే పదార్థం బోట్రైటిస్ పట్టిన ద్రాక్షతో చేసిన వైన్లలోనూ ఉంటుంది. సోటెర్న్ గానీ హంగరీవారి టోకాయ్ గానీ చేతికి వస్తే, పులుపు కాస్త తగ్గించి, మెంతి వాసన నిలిచేలా వండిన పులుసుతో తాగి చూడవచ్చు. రెడ్ వైన్‌తో చేప తింటే నోట్లో నీచు పెరగడానికి ఆ వైన్‌లోని ఇనుము ఒక కారణం. వైట్ వైన్లలో ఇనుము సాధారణంగా తక్కువ కాబట్టి ఆ బాధ అంతగా ఉండదు.

మస్కట్ ద్రాక్షతో చేసిన తీపి వైన్ దొరికితే ధనియాలు గట్టిగా పడిన వంట వెతకాలి. మస్కట్‌కు పూల వాసన ఇచ్చే లినలూల్ ధనియాల నూనెలో సగానికి పైగా ఉంటుంది. ధనియాల పొడి దట్టించిన కోడికూర, ధనియాల కారం పెట్టి వేయించిన వంకాయ దానికి బాగుంటాయి. శాకాహారులు మిరపకాయ బజ్జీ, మసాలా వడతో మొదలుపెట్టవచ్చు. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇంకో తేలిక దారి ఉంది. అయ్యంగార్ బేకరీకి వెళ్లి ఖారా బన్ను, పొట్లం ‘కాంగ్రెస్’ తెచ్చుకోవడమే. వేయించి చీల్చిన వేరుశనగ పప్పుకు కారం, మిరియాలు, కరివేపాకు పట్టించిన ఆ కాంగ్రెస్ కడలెకాయి పక్కన చల్లటి లేట్ హార్వెస్ట్ గ్లాసు పెడితే, ఖరీదైన చీజ్ పళ్లెం అవసరం లేదు.

తీపితోనే తాగాలన్న కోరిక గట్టిగా ఉంటే తీపి తక్కువగా, వెన్నో పాలో ఎక్కువగా ఉన్నవాటిని ఎంచుకోవాలి. అయ్యంగార్ బేకరీ బెణ్ణె (వెన్న) బిస్కెట్, బెల్లం తగ్గించి మిరియాల పొడి వేసి వండిన జున్ను, వేయించిన బాదంపప్పు ఆ కోవలోవి. పండ్లలో కాస్త పులుపు మిగిలిన రసపూరి మామిడి బాగుంటుంది. పూర్తిగా ముగ్గిన బాదామి (ఆల్ఫాన్సో) మామిడి వద్దు, దాని తీపి ముందు వైన్ నీరసపడిపోతుంది.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. జర్మన్ సీసాల మీద ఉండే ‘ష్పేట్‌లేజె’ అన్న మాటకు ఆలస్యపు కోత అనే అర్థం. కానీ అది కోత గురించి చెప్పే మాట, తీపి గురించి కాదు. దాని పక్కన ‘ట్రోకెన్’ అని ఉంటే ఆ వైన్‌లో తీపి దాదాపు ఉండదు. ఇంటికి తెచ్చి తెరిచాక తెలిస్తే వేపుడు ముందు నిలబడి చేసేదేమీ ఉండదు.

వైన్ ఎనిమిది నుంచి పది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట ఉంచితే సరిపోతుంది, ఏప్రిల్ నెల అయితే ఐదు నిమిషాలు చాలు. వెచ్చబడితే తీపి జిగటగా తగులుతుంది, మరీ గడ్డకట్టేలా ఉంటే వాసన రాదు. ఐసు ముక్కలు వేయకూడదు. మనిషికి అరవై మిల్లీలీటర్లు పోస్తే 375 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇందులోని తీపి కోలాలో తీపితో దాదాపు సమానమని ముందే చెప్పడం మర్యాద. వేపుడు బల్ల మీదికి వచ్చినప్పుడే సీసా రావాలి. బిర్యానీ సగం అయ్యేదాకా గ్లాసు నడవచ్చు. పెరుగన్నం కలిపే వేళకు గ్లాసులు తీసేయాలి, ఎందుకంటే పెరుగు నోటికి పూత పూసేస్తుంది, ఆ తర్వాత వైన్ వాసన పట్టదు. మిగిలింది బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. వంటింట్లో కాంగ్రెస్ పొట్లం ఇంకా ఉంటే అన్ని రోజులూ పట్టకపోవచ్చు.